బడి దగ్గరే తెగిపోయిన దారి: అమీర్‌పేట, ఇంజనీరింగు చదువు, దళితులు

హైదరాబాదులో ఇంజనీరింగు చదువు చరిత్ర చెప్పమంటే అందరూ కాలేజీతోనే మొదలుపెడతారు. 1929లో ఉస్మానియా ఇంజనీరింగు కాలేజీ, 1972లో జె.ఎన్.టి.యు., 1986లో ఎంసెట్, 1998లో సైబర్ టవర్స్ అని లెక్క చెప్తారు. ఈ లెక్కలో బడి ఎక్కడా కనపడదు. కానీ మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చిన పిల్ల ఇంజనీరు అవుతుందా కాదా అనేది కాలేజీ గేటు దగ్గర తేలే విషయం కాదు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు ఉన్నాడా లేడా, సైన్సు గది తాళం తీశారా లేదా అన్న దగ్గరే అది తేలిపోతుంది. అమీర్‌పేట, పంజగుట్టల చరిత్రను ఈ బడి వైపు నుంచి చూస్తే కొన్ని సంగతులు వేరేగా కనపడతాయి.

ఇప్పుడు అమీర్‌పేట అంటే మైత్రీవనం, దాని చుట్టూ కోచింగు బోర్డులు, హాస్టళ్ళు. అంతకుముందు ఈ ప్రాంతం ఫ్యాక్టరీలకు పోయే తోవ. దీన్ని దాటితే సనత్‌నగర్, బాలానగర్. 1942లో పుట్టిన ఆల్విన్, తర్వాత ఐ.డి.పి.ఎల్., రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., నగరానికి అటువైపు 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి. పదో తరగతి పాసై ఐ.టి.ఐ.లో ఫిట్టరో టర్నరో నేర్చుకుని, 1961 అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పొంది, రిజర్వేషన్ ద్వారా ప్రభుత్వరంగ సంస్థలో చేరిన దళితులు ఒక తరం ఉన్నారు. యంత్రం మీద చెయ్యి పెట్టి నెల జీతం తెచ్చుకున్న మొదటి తరం అది. వాళ్ళ పిల్లలే తర్వాత కాలేజీ మెట్లెక్కారు. అంటే బడి నుంచి సాంకేతిక పనికి ఒక దారి ఉండేది. సన్నటిదే, కానీ ఉండేది.

1991 తర్వాత ఆ దారి మూసుకుపోవడం మొదలైంది. ఐ.డి.పి.ఎల్. ఖాయిలా పడింది, ఆల్విన్ ముక్కలైంది, ప్రభుత్వరంగంలో కొత్త నియామకాలు తగ్గాయి. సరిగ్గా ఆ ఏళ్ళలోనే అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణా కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేచాయి. సి, ఒరాకిల్, జావా, మెయిన్‌ఫ్రేమ్ అంటూ మూడు నెలల కోర్సులు పెట్టారు. ఈ రెండూ పక్కపక్కన జరగడం గమనించాలి. రిజర్వేషన్ వర్తించే సాంకేతిక ఉద్యోగం తగ్గుతుంటే, రిజర్వేషన్ లేని సాంకేతిక ఉద్యోగం పెరిగింది. దానికి ముఖద్వారం అమీర్‌పేట అయింది.

ఆ ముఖద్వారంలోకి ఎవరు వెళ్ళగలిగారు? చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ ఇక్కడి సాఫ్ట్‌వేర్ వలసల మీద పరిశోధించి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం తెచ్చాడు. కోస్తా వ్యవసాయ మిగులు, కట్నం డబ్బు కలిసి కుర్రాళ్ళ శిక్షణకు, అమెరికా ప్రయాణానికి ఎలా పెట్టుబడి అయ్యాయో అందులో చూపించాడు. భూమి ఉన్న కులాలకు భూమి చదువైంది, చదువు డాలరైంది, డాలరు మళ్ళీ భూమైంది. భూమే లేని కులాలకు ఈ చక్రం ఎక్కడ మొదలవుతుంది? 'మెరిట్' అని పిలవబడే వస్తువు వెనక ఎన్ని ఎకరాలున్నాయో ఎవరూ అడగరు.

అమీర్‌పేట గొలుసులో చివరి కొక్కెం మాత్రమే. మొదటి కొక్కేలు ఇంటర్మీడియట్ దగ్గర ఉన్నాయి. నెల్లూరులో 1979లో నారాయణ, విజయవాడలో 1986లో శ్రీచైతన్య మొదలయ్యాయి. ఎంసెట్ వచ్చాక ఇంటర్ చదువు కాస్తా పరీక్షకు తోమే పనిగా మారిపోయింది. ఇంజనీరింగు పేపరులో 160 మార్కులు ఉండేవి. అందులో 80 లెక్కలకు, ఫిజిక్సుకు 40, కెమిస్ట్రీకి 40. చేత్తో ఏదైనా చేసి చూపించే పనికి సున్నా. పిల్లల ఆత్మహత్యలు పెరిగితే 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు, తర్వాతా అవి ఆగలేదు. ఈ చదువులో ఇంజనీరింగు ఎక్కడుంది? వంతెన ఎందుకు నిలబడుతుందో అడగకుండానే పిల్లవాడు సివిల్ ఇంజనీరింగులో చేరిపోతాడు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా అంటే, చేసింది. దాని మూలం అంబేడ్కర్ దగ్గరుంది. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు సైన్సు, టెక్నాలజీ చదువుల కోసం ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు అడిగాడు. ఖర్చెక్కువైన ఈ చదువులు మన పిల్లలకు అందవని ఆయన ముందే గుర్తించాడు. 1944లో కేంద్రం మొదలుపెట్టిన స్కాలర్‌షిప్పే ఇవాళ్టి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15 శాతం సీట్లు ఇచ్చారు, ఎంసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేకుండా చేశారు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్దదైంది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే, ఒక్కటి కూడా వదులుకునేవి కావు.

కాని ఇవన్నీ పదో తరగతి దాటాక అందేవి. పోస్ట్ మెట్రిక్ అన్న పేరులోనే ఆ మాట ఉంది. గేటు తెరిచారు, గేటు దాకా తోవ వెయ్యలేదు. ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు కాలేజీ ఖాతాలోకి పోయింది. హైస్కూలు లాబులోకి, లెక్కల టీచరు శిక్షణలోకి ఆ స్థాయిలో ఎన్నడూ రాలేదు. తోవ లేక సీటు మిగిలిపోతే 'మీవాళ్ళకు అర్హత లేదు' అన్నారు. ఎలాగో చేరి మొదటి ఏడాది మ్యాథ్స్‌లో తప్పితే 'కోటావాళ్ళింతే' అన్నారు. 1990 మండల్ వ్యతిరేక ఆందోళనలో వీధుల్లో విన్న మాటే ఇవాళ తరగతి గదిలో మెల్లగా వినపడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 15 శాతమూ అన్ని దళిత కులాలకూ సమంగా అందలేదని 1994 నుంచి దండోరా ఉద్యమం చెప్తూ వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. వాటా న్యాయంగా పంచుకోవడం అవసరం. అయితే ఏ కులానికైనా ఆ వాటాను అందుకునే పిల్ల తయారయ్యేది మాత్రం బడిలోనే.

బడి విషయంలో మన పెద్దలు సర్కారు కోసం ఎదురుచూడలేదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ 1910 నాటికే ఈ నగరంలో అంటరానివాళ్ళ పిల్లలకు బడులు తెరవడం మొదలుపెట్టాడు. ఆ బడులు ఇరవై దాటాక నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. అవి ప్రాథమిక పాఠశాలలు. అక్షరం దాకా ఆ తరం తెచ్చింది, అక్కణ్ణించి సూత్రం దాకా, యంత్రం దాకా తేవడం తర్వాతి తరాల పని.

ఇంజనీరింగు మనకు కొత్తదా? తెలంగాణ చెరువుల కింద తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీళ్ళు పోవాలో చూసిన నీరటికాళ్ళు ఎక్కువగా దళితులే. మోట సంగతి చూడండి. ఎడ్లు పల్లానికి నడుస్తాయి కనుక వాటి బరువు కూడా లాగడానికి సాయపడుతుంది. గిలక బలం దిశను మారుస్తుంది. బొక్కెన పైకి రాగానే తోలు తొండం కాలువ మీద దానంతటదే తెరుచుకుంటుంది. ఆ తొండం కుట్టింది మాదిగ. లందలో తోలును సున్నంతో, తంగేడు చెక్కతో, కరక్కాయతో శుద్ధి చెయ్యడం రసాయనశాస్త్రమే. గిలక పాఠం ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది, మోట కుట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' రాసింది ఈ లోటు పూడ్చడానికే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 'మీ కులవృత్తిలోనే సైన్సుంది, అదే నేర్చుకోండి' అని మనల్ని వెనక్కి తోసేవాళ్ళుంటారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ సగం పూట బడి, సగం పూట తండ్రి పని అన్నాడు. పెరియార్ దాన్ని కులవిద్య అని ఎండగట్టాడు, 1954లో కామరాజ్ రద్దు చేశాడు. అమెరికాలో చేతిపనుల చదువు చాలన్న బుకర్ టి. వాషింగ్టన్‌తో డుబోయిస్ వాదించింది ఈ ప్రశ్న మీదే. కాబట్టి మనం తేడా స్పష్టంగా చెప్పాలి. మాదిగ పిల్లవాడు తోలుపనికి పోవాలని మనం అడగడం లేదు. మోటలోని భౌతికశాస్త్రం రెడ్డి పిల్లా చదవాలి, మాదిగ పిల్లా చదవాలి, మాదిగ పిల్ల దాని మీద నిలబడి హైడ్రాలిక్స్‌లోకి పోవాలి.

ఇది జరగనిపని కాదు. 1980లలో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి, ముఖ్యంగా హైదరాబాదు పక్కన గౌలిదొడ్డి నుంచి, దళిత పిల్లలు ఐ.ఐ.టి.లకు వెళ్ళారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి కాగానే పల్లె పిల్లల్ని తీసుకుని, ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకు గ్రేడులో 0.4 అదనంగా కలిపాయి. లేమిని లెక్కలోకి తీసుకున్నాయి. మిసిసిపీలో నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం పనిచేసిన బాబ్ మోజెస్ 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు పెట్టాడు. ఓటు ఎలాంటి హక్కో, లెక్కలు నేర్చుకోవడం అలాంటి హక్కేనన్నాడు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972 నుంచి 2002 దాకా పల్లె బడుల్లో పిల్లలు ప్రయోగాలతోనే సైన్సు నేర్చుకున్నారు. ఆ పని నడిపింది శిక్షణ పొందిన మామూలు పంతుళ్ళు. దాన్ని ఆపేసింది ప్రభుత్వమే.

మన దగ్గర లేనిది ఆ పంతులికి అండ. 2016లో వచ్చిన అటల్ టింకరింగ్ లాబులకు ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తామన్నారు. దానికి ముందు 1500 చదరపు అడుగుల జాగా చూపించమన్నారు. కూర్చోడానికే గదుల్లేని బడి అంత జాగా ఎక్కడ చూపిస్తుంది? ఉన్నవాడికే మళ్ళీ ఇవ్వడం అంటే ఇదే.

అందుకని సంఘాలు, ఉపాధ్యాయులు కలిసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద పెట్టే ధ్యాస ఎనిమిదో తరగతి లెక్కల మీద కూడా పెట్టాలి. ప్రతి మండలంలో ఒక బడిలో పనిముట్లతో కూడిన గది పెట్టి, చుట్టుపక్కల బడులన్నిటికీ దాన్ని వాడనివ్వాలి. సైన్సు, లెక్కల టీచర్లకు ఇంజనీరింగు కాలేజీల్లో ఏటా వేసవి శిక్షణ ఇవ్వాలి. రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రైవేటు కాలేజీ తన లాబును సర్కారు బడి పిల్లలకు తెరవాలన్న షరతు పెట్టాలి. మన ఇంజనీర్లు నెలకొక్క ఆదివారం తమ వాడలోని బడికి పోవాలి.

2019 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతికి ముందు, పంజగుట్ట చౌరస్తాలో పెట్టిన ఆయన విగ్రహాన్ని మున్సిపాలిటీవాళ్ళు తీసి చెత్తకుప్పల యార్డుకు పంపారు. మనం రోడ్డెక్కి అడిగాం, అడగాల్సిందే. ఆ విగ్రహం చేతిలో ఉండేది పుస్తకం. లెక్కల సారు లేక ఏడాదంతా ఖాళీగా గడిచే ఎనిమిదో తరగతి గది కూడా ఆయనకు జరుగుతున్న అవమానమే. దానికోసం కూడా అంతే గట్టిగా మండల విద్యాధికారి ఆఫీసు ముందు కూర్చోవాలి.