కాటన్‌వుడ్ కౌంటీ పుట్టుక

మన శతవార్షికోత్సవ సంచికలో అమెరికా దేశపు ఒక పల్లె ప్రాంతమును గూర్చిన వ్యాసమెందుకని సంఘస్థులు అడుగవచ్చును. నల్లగొండ, మహబూబ్‌నగరు వైపున చుట్టరికములు గలవారందరు మెన్నొనైట్ బ్రదరెన్ మిషను పేరు విన్నవారే. మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఆ మిషనెరీల పేర్లును, వారు వచ్చిన సంవత్సరములును పరీక్ష కొరకు వల్లె వేసితిమి గాని, వారు ఏ ఊరివారు, ఆ ఊరు ఎట్లు ఏర్పడినదని ఒక్కరమైనను అడిగి యెరుగము. తరువాత ఆ సంగతి చదువగా, ఇది మనవారికి చెప్పవలసినదే యని తోచినది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు నైరుతి భాగమున కాటన్‌వుడ్ కౌంటీ కలదు. కౌంటీ అనగా మన పాత తాలూకా వంటిదనుకొనవచ్చును. దానికొక ముఖ్యపట్టణము, కచ్చేరి, న్యాయస్థానము ఉండును. 1857 మే 23న చట్టము ద్వారా దీనిని ఏర్పరచిరి. అప్పటికి మిన్నెసోటా ఇంకను రాష్ట్రమే కాలేదు. మరుసటి సంవత్సరము మే నెలలో అయినది. కౌంటీలో పరిపాలన మొదలైనది 1870లో. అనగా 13 ఏండ్లపాటు అది కాగితము మీది కౌంటీయే. తన అంచును మాత్రమే తాకి పోవు ఒక ఏటి పేరు దానికి పెట్టిరి.

కాగితము మీద ఖాళీగా నున్న నేల నిజముగా ఖాళీ కాదు. ఆ కౌంటీలోనే జెఫర్స్ అను ఊరికి దగ్గరలో, పచ్చిక బయలు నడుమ, ఎర్రని రాతి పరుపు ఒకటి బయటపడి యున్నది. దాని మీద బైసన్ అను అడవి ఎద్దులు, తాబేళ్లు, ఈటెలు విసరు సాధనములు, మనుష్య రూపములు వేల సంఖ్యలో చెక్కబడి యున్నవి. వాటిలో కొన్ని 7,000 ఏండ్ల నాటివని పండితుల అంచనా. డకోటా జనులు నేటికిని అక్కడికి వచ్చి ప్రార్థించుకొందురు.

ఆ దేశము డకోటా వారిది. 1851లో జరిగిన రెండు ఒడంబడికలతో దక్షిణ మిన్నెసోటా చాల మట్టుకు వారి చేతినుండి జారిపోయెను. మిన్నెసోటా నది వెంబడి సన్నని పట్టీ వంటి నేల మిగిలెను. 1858లో దానిలోను ఉత్తరపు సగము పోయెను. భూమి వెలను ఏటేట చెల్లింతుమని ప్రభుత్వము మాట ఇచ్చెను గాని, అందులో వర్తకులు బాకీల పేరిట ముందే పట్టుకొనునది చాల ఉండెను. 1862 వేసవిలో ఆ సొమ్ము సమయమునకు రాలేదు. గిడ్డంగిలో ఆహారము ఉండగనే జనులు ఆకలితో మాడిరి. ఆగస్టులో యుద్ధము పుట్టెను. వలస వచ్చిన తెల్లవారు స్త్రీలు, పిల్లలతో సహా వందల కొలది చంపబడిరి. దానిని మేము దాచము. యుద్ధము ముగిసిన పిమ్మట 303 మంది డకోటా వారికి మరణశిక్ష విధింపగా, అధ్యక్షుడు లింకన్ చాలమందిని తప్పించెను. డిసెంబరు 26న మాన్‌కేటో పట్టణములో 38 మందిని ఒకేసారి ఉరి తీసిరి. మరుసటి ఏడు డకోటా జనులను రాష్ట్రము నుండి వెళ్లగొట్టి, వారితో చేసికొనిన ఒడంబడికలను కాంగ్రెసు రద్దు చేసెను.

అదే 1862లో, యుద్ధమునకు మూడు నెలల ముందు, అదే లింకన్ హోమ్‌స్టెడ్ చట్టము మీద సంతకము చేసియుండెను. 5 ఏండ్లు కాపురముండి సాగు చేసినవానికి 160 ఎకరములు! అర ఎకరము పట్టా కొరకు తాసీల్దారు కచ్చేరి చుట్టు చెప్పులరుగ తిరిగిన మన సంఘస్థులకు ఈ మాట కథవలె తోచును. ఆ నేల ఎక్కడనుండి వచ్చినదో పై సంగతి చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1871లో రైలు వచ్చెను. విండమ్ అను ముఖ్యపట్టణము ఆ రైలు బిడ్డయే. సెయింట్ పాల్, సూ సిటీల నడుమ సగము దూరమున వెలసిన మరియొక ఊరికి మొదట మిడ్‌వే అని పేరు. చెరువు నడుమ చిన్న కొండ యుండుటచేత తరువాత మౌంటెన్ లేక్ అనిరి. ఆ చెరువును 20వ శతాబ్దపు ఆరంభములో కాలువ తీసి ఎండగట్టి సాగులోనికి తెచ్చిరి.

మౌంటెన్ లేక్‌కు 1873 మొదలు రష్యా నుండి మెన్నొనైట్లు రాసాగిరి. వీరు జర్మను భాష మాట్లాడు రైతులు. ఆయుధము పట్టుట క్రీస్తు బోధకు విరుద్ధమని నమ్మినవారు. రష్యా రాణి కాథరిన్ కాలములో వారికి ఇచ్చిన మినహాయింపును ప్రభుత్వము తీసివేయబూని, 1874లో అందరికి సైనిక సేవ తప్పనిసరి చేసెను. 1873 వేసవిలోనే 12 మంది ప్రతినిధులు అమెరికా, కెనడాలు తిరిగి నేల చూచి పోయిరి. 1880 నాటికి మౌంటెన్ లేక్ చుట్టు సుమారు 300 కుటుంబములు చేరెను. రైల్వే కంపెనీ వద్ద వారు భూమి కొనిరి. చెట్లు లేని బయలు గనుక వంటచెరకు లేదు. ఎండు గడ్డిని మెలిపెట్టి పొయ్యిలో పెట్టెడివారు. పిడకలు చేయుట వారికి రష్యాలోనే తెలియునట! ఇది చదివి మేము నవ్వుకొంటిమి. మన అమ్మమ్మల విద్య అది.

వారు వచ్చిన ఏడే మిడతలును వచ్చెను. 1873 మొదలు 1877 వరకు ఏటేట పంట తినివేసెను. యోవేలు గ్రంథము చదివినవారికి వర్ణన అక్కరలేదు. రేకు పళ్లెములకు తారు పూసి పొలములో లాగి మిడతలను పట్టిరి. గవర్నరు పిల్స్‌బరీ 1877 ఏప్రిల్ 26ను ప్రార్థన దినముగా ప్రకటించెను. ఆ వేసవిలో మిడతలు లేచిపోయెను. మేము ప్రార్థనను తక్కువ చేయము. అయితే సర్కారు సహాయము బీదలను సోమరులను చేయునని వెనుకాడినవాడును ఆ గవర్నరే. అప్పుడే మన రాయలసీమలో ధాత కరువు. ఇక్కడి దొరతనమువారును అట్టి మాటలే పలికిరి. ఆ జాతి మిడత ప్రాణముతో చివరిసారి దొరికినది 1902లో. తరువాత భూమి మీద లేదు.

ఈ కష్టము గడచిన ఇండ్లనుండియే ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. జబ్బు చేసి ఆయన రెండేండ్లలోనే తిరిగిపోవలసి వచ్చెను. 1908లో వచ్చిన జె. హెచ్. వోత్ గారు దేవరకొండలో చిరకాలము పనిచేసిరి. ఆయుధము పట్టమని దేశము విడిచినవారికి, తాము కొనిన నేల ఆయుధముతో ఖాళీ చేయబడినదని ఎంతవరకు తెలియునో? తెలిసియుండదని చెప్పుట కష్టము. మాన్‌కేటో వారి రైలు దారిలోనిదే.

వెళ్లగొట్టబడిన డకోటా వారిలో కొందరు 1880ల నాటికే మెల్లగ తిరిగివచ్చి, పొరుగున నున్న రెడ్‌వుడ్ కౌంటీలో మిన్నెసోటా నది ఒడ్డున స్థిరపడిరి. 1862 యుద్ధము మొదలైన ఆ చోటనే, 2021 ఫిబ్రవరిలో, సుమారు 114 ఎకరముల భూమి లోవర్ సూ డకోటా సమాజమునకు తిరిగి అప్పగింపబడినది.