నక్షత్ర తాబేలు: దాని స్వస్థలము

తాబేలు అనగానే మనకు చెరువో, కాలువో స్ఫురించును. కాని నీటికి దూరముగ, మెట్టనేలపై బ్రతుకు తాబేళ్లును కలవు. వానిలో నక్షత్ర తాబేలు ఒకటి. దాని పైచిప్ప గోపురమువలె ఎత్తుగ నుండును. చిప్పపై ప్రతి నల్లని పలక నడుమనుండి పసుపుపచ్చని చారలు కిరణములవలె వ్యాపించియుండుటచే దీనికీ పేరు వచ్చినది. 1795లో జర్మనీ శాస్త్రజ్ఞుడు షోప్ఫ్ దీనికి టెస్టూడో ఎలిగన్స్ అని నామకరణము చేసెను. ఎలిగన్స్ అనగా సొగసైనది. నేడు దీనిని జియోకెలోనే ఎలిగన్స్ అనుచున్నారు.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడులలోని పొదల భూములందును, వానికి దూరముగ గుజరాత్, రాజస్థాన్‌లలోని శుష్క భూములందును, శ్రీలంకయందును ఇది జీవించును. ఎండ తీవ్రముగ నున్నపుడు పొదల నీడన దాగి, ఉదయ సాయంకాలములందు గడ్డి, రాలిన పండ్లు మేయును.

ఇంత తక్కువ నీటితో ఇదెట్లు బ్రతుకగలుగుచున్నది? ఆహారములోని మాంసకృత్తులనుండి ఏర్పడు వ్యర్థ నత్రజనిని ప్రతి జంతువును విసర్జింపవలెను. దానిని అమ్మోనియాగ వెలువరించుటకు చాల నీరు కావలెను. యూరియాకు అంతకంటె తక్కువ చాలును. యూరికామ్లము నీటిలో దాదాపు కరుగదు గనుక మిక్కిలి కొద్ది నీటితోనే బయటికి పోవును. నక్షత్ర తాబేలు మూత్రమునందలి నత్రజనిలో సుమారు సగము యూరికామ్ల రూపముననే యున్నదని 1949లో ప్రచురితమైన మోయిల్ పరిశోధనవలన తెలిసినది.

ఎండను గెలిచిన ఈ జంతువు మనుష్యుని గెలువలేకపోయినది. ఇంట నుంచుకొన్నచో అదృష్టము కలుగునను నమ్మకము, విదేశములలో పెంపుడు జంతువుగ దీనికిగల గిరాకి దొంగరవాణాకు దారితీసినవి. ఒక్క వ్యాపారకేంద్రము కొరకే ఏటా కనీసము 55,000 తాబేళ్లను పట్టుచున్నారని 2015లో వెలువడిన ఒక అధ్యయనము తెల్పినది. 2019లో వీని అంతర్జాతీయ వాణిజ్యము నిషేధింపబడెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో జరిగిన సవరణచే ఇది మొదటి అనుసూచిలో చేరినది.

అయితే, పట్టుబడిన తాబేళ్లను ఎచట విడువవలెను? సింగపూరునుండి తిరిగివచ్చిన తాబేళ్ల విషయమున ఈ ప్రశ్నయే ఎదురైనది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు వాని డి.ఎన్.ఏ.ను, స్వస్థలము తెలిసిన తాబేళ్ల డి.ఎన్.ఏ.తో పోల్చి చూచిరి. ఆ ఫలితములు 2006లో ప్రచురితమైనవి. చిరకాలము వేరుపడి బ్రతికిన సమూహముల డి.ఎన్.ఏ.లో భేదములు ఏర్పడును; ఆ భేదములే పుట్టినచోటికి ఆనవాళ్లు. ఒకచోటి తాబేళ్లను మరొకచోట విడిచినచో ఈ భేదములు కలగాపులగమగును, రోగములును వ్యాపింపవచ్చును.

కావున విద్యార్థులకు పొలము గట్టున నక్షత్ర తాబేలు కనిపించినచో దానిని తాకక అచటనే విడిచిపెట్టవలెనని ఉపాధ్యాయులు బోధింపవలెను. ఎవరైన ఇదివరకే ఇంటికి తెచ్చియున్నచో దానిని అటవీశాఖకు అప్పగించి, దొరికిన ఊరు, స్థలము, తేదీ వ్రాసి ఈయవలెను. ఆ చిన్న కాగితము లేకున్నచో దాని స్వస్థలమును ప్రయోగశాలలో వెదుకవలసివచ్చును.