క్షిపణి రూపకల్పనలో కంప్యూటర్ మోడళ్ల అనుసంధానం

క్షిపణి, టార్పెడో, యుద్ధవిమానం వంటి సైనిక సామగ్రిని రూపొందించేటప్పుడు ఒక్కో భాగం పనితీరును లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లను కలిపి ఒకటిగా నడపడాన్ని మోడళ్ల అనుసంధానం అంటారు. తెలుగు నేల మీద ఈ పనికి ప్రధాన కేంద్రం హైదరాబాద్. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఈ నగరంలోని కంచన్‌బాగ్‌లోనే ఉంది. 1983లో మంజూరై అబ్దుల్ కలాం నడిపించిన కార్యక్రమం కింద పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ క్షిపణులు రూపుదిద్దుకున్నాయి. 1988లో రీసెర్చ్ సెంటర్ ఇమారత్, అనురాగ్ సంస్థలు వచ్చాయి. గాలి ప్రవాహపు లెక్కలకు భారీ కంప్యూటర్లు కావాలి కనుక అనురాగ్ ‘పేస్’ అనే సమాంతర కంప్యూటర్‌ను తయారుచేసింది.

ఒక క్షిపణికి గాలి ఒత్తిడి, ఇంజిన్ తోపుడు, నావిగేషన్, రెక్కల కదలిక, లక్ష్యం కదలిక దేనికదే మోడల్. అవి విడివిడిగా సరైనవే అయినా కలిపినప్పుడు తప్పవచ్చు. ఒకటి డిగ్రీల్లో ఇచ్చిన కోణాన్ని మరొకటి రేడియన్లుగా తీసుకున్నా, ఒక మోడల్ జవాబు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైనా, కంప్యూటర్‌లోని క్షిపణి దారి తప్పుతుంది. అసలు కష్టమంతా ఈ అతుకుల దగ్గరే.

అందుకే మొదట అంతా సాఫ్ట్‌వేర్‌లోనే నడిపి, తర్వాత ఒక్కో మోడల్‌నూ తీసేసి ఆ స్థానంలో అసలు పరికరాన్ని పెడతారు. దీన్నే హార్డ్‌వేర్ ఇన్ లూప్ సిమ్యులేషన్ అంటారు, వాడుకలో ‘హిల్స్’. వంపును పసిగట్టే జైరోలను మూడు అక్షాల మీద తిరిగే బల్లకు బిగిస్తారు. క్షిపణి ఒక డిగ్రీ వంగిందని మోడల్ చెప్పగానే బల్ల అంతే వంగుతుంది. జైరో దాన్ని పసిగడుతుంది, క్షిపణిలో ఉండే కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది, యాక్చుయేటర్ రెక్కను తిప్పుతుంది. ఆ రెక్క కోణాన్ని కొలిచి మళ్లీ మోడల్‌కు అందిస్తారు. ఇదంతా నిజమైన గడియారంతో పాటే సాగాలి. కాగితం మీద కనపడని యాక్చుయేటర్ జాప్యం ఇక్కడ బయటపడుతుంది. క్షిపణిని ప్రయోగిస్తే అది తిరిగిరాదు. కాబట్టి నేల మీద దొరికే ప్రతి లోపం ఎంతో విలువైనది.

మోడళ్లన్నీ ఒకే చోట లేనప్పుడు కూడా అనుసంధానం అవసరమవుతుంది. ఇలా వేర్వేరు చోట్ల నడిచే సిమ్యులేషన్లను కలపడానికి అమెరికా రక్షణ శాఖ రూపొందించిన ‘హై లెవల్ ఆర్కిటెక్చర్’ 2000లో ఐఈఈఈ 1516 ప్రమాణమైంది.

ఇవన్నీ దాటి అసలు క్షిపణి ప్రయోగం ముగిశాక, అది పంపిన టెలిమెట్రీ లెక్కలను ముందస్తు అంచనాల పక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే మోడల్‌ను సరిదిద్దాకే తర్వాతి ప్రయోగానికి దాన్ని నమ్మాలి.