వయసా, తోడా? తెలుగునాట అభ్యసన సిద్ధాంతాలు నడిచిన దారి

టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కు చదివే ప్రతి అభ్యర్థికీ మనస్తత్వవేత్త పియాజె చెప్పిన నాలుగు దశలు నోటికి వచ్చి ఉంటాయి: ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ. 150 మార్కుల పరీక్షలో 30 మార్కులు శిశు వికాసానికి, బోధనా పద్ధతులకే. ఏ దశ ఏ ఏట మొదలవుతుందో గుర్తుంటే మార్కు పడుతుంది. ఆ వయసుల పట్టిక తరగతి గదికి చేరేసరికి ఒక నమ్మకంగా గట్టిపడుతుంది: వయసు రానివాడికి చెప్పినా ఎక్కదు, వయసు దాటినవాడు ఇక అందుకోలేడు. తెలుగునాట చదువు చెప్పిన అనుభవాన్ని వరుసగా చూస్తే ఈ నమ్మకం నిలబడదు. పియాజె పుట్టిన 1896లోనే పుట్టి, 1934లో చిన్న వయసులోనే చనిపోయిన వైగాట్‌స్కీ వైపే ఇక్కడి సాక్ష్యం మొగ్గుతుంది. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగే పనికీ, తెలిసినవాళ్లు పక్కనుంటే చేయగలిగే పనికీ మధ్య ఉన్న మేరలోనే చదువు జరుగుతుందని ఆయన చెప్పాడు. ఆ తోడు, ఆ తోడు మాట్లాడే భాష, ఈ రెండూ వయసుకన్నా బలమైనవని నా వాదన.

మన దగ్గర దొరికే పాత సాక్ష్యాల్లో అన్నిటికన్నా వివరమైనది 1823 నాటిది. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో అంతకు ముందు ఏడాది బడుల లెక్కలు అడిగితే, బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 533 బడుల వివరం పంపాడు. అందులో 226 తెలుగు బడులు. ఐదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేస్తారని, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారని, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు నేర్పుతూ తమ చదువును గట్టిచేసుకుంటారని ఆయన మెచ్చుకుంటూ రాశాడు. మద్రాసు ఎగ్మోరు అనాథాశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇటువంటి పద్ధతినే 1797లో ఇంగ్లండుకు పుస్తకంగా చేర్చాడు. పాత బడిని పొగడటానికి ఇది వంక అని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరానికి క్యాంప్‌బెల్ నివేదికలోనే బలం ఉంది. పిల్లలు వందలకొద్దీ పద్యాలు అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలుకకు తెలిసినంతే తెలుసు అన్నదీ ఆయనే. ఆడపిల్లలు బహు కొద్దిమంది. అయినా ఈ రెండు మాటలూ కలిపి చదివితేనే అసలు విషయం బయటపడుతుంది: తోటి పిల్లల తోడు పనిచేసింది, పరాయి భాషలా వినిపించిన గ్రాంథికం దాన్ని సగంలో ఆపేసింది.

ఈ రెండో ముడిని, అంటే భాషను, పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలో చదువుకుంటాం గానీ, దాని మూలం బడిలో ఉంది. 2004లో ఉమ్మడి రాష్ట్రం సవర, కోయ, గోండీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు గిడుగు ఆలోచనే వందేళ్లు ఆలస్యంగా సర్కారు బడికి వచ్చింది.

ఈలోగా పైనుంచి వచ్చిన సిద్ధాంతాలు ఒకదాని వెనక ఒకటి శిక్షణ కళాశాలల్లోకి చేరాయి: థార్న్‌డైక్, స్కిన్నర్, పియాజె, బ్రూనర్. బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1980ల నుంచి 1990ల నడుమ దాకా వేల బడుల్లో కృత్యాల ద్వారా చదువును ప్రవేశపెట్టింది. గోడల మీద పిల్లల బొమ్మలు కనిపించాయి, జట్లుగా కూర్చోవడమూ కనిపించింది. జట్టులో కూర్చున్న పిల్లలు కలిసి ఆలోచించడం మాత్రం అన్నిచోట్లా కుదరలేదు.

వయసా, తోడా అన్నదానికి అసలైన పరీక్ష రంగారెడ్డి జిల్లాలో జరిగింది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఈ జిల్లా పల్లెల్లో, పశువులు కాస్తున్న, పత్తి చేలల్లో కూలి చేస్తున్న, పాలేర్లుగా ఉన్న పిల్లల్ని పనినుంచి తప్పించి శిబిరాల్లో చేర్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లలు. బడి మొహం చూడనివాళ్లు, లేదా చూసి మానేసినవాళ్లు. పాటలు, కథలు, పొడుపు కథలతో మొదలుపెట్టి, వాళ్లు మాట్లాడే తెలుగులోనే చదవడం, రాయడం నేర్పారు. మామూలు బడిలో ఏళ్లు పట్టే చదువును నెలల్లో అందుకుని, వయసుకు తగిన తరగతిలో కూర్చున్నారు. రాత్రి బడితో సరిపెట్టాలన్న అప్పటి ఆలోచనను ఈ సంస్థ ఒప్పుకోలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. పదకొండేళ్ల పిల్లవాడు మూర్త ప్రచాలక దశలో బాగా ముదిరి ఉంటాడు కాబట్టే త్వరగా నేర్చుకున్నాడు, ఇది పియాజె గెలుపే కదా అనవచ్చు. వయసు సాయపడిందనడంలో అబద్ధం లేదు. పియాజె కూడా దశల వరుస మారదన్నాడు గానీ, వయసులు సమాజాన్నిబట్టి మారతాయని ఒప్పుకున్నాడు. పట్టికను రాతిగీతగా మార్చింది ఆయన పేరుతో రాసిన గైడ్లు. అయితే ముదిరిన బుద్ధి ఒక్కటే చాలదని 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో అమ్ముకునే పిల్లల్ని పరిశీలించారు. కిలోల ధర, చిల్లర క్షణాల్లో నోటితో తేల్చే పిల్లలు అంతకన్నా తేలిక లెక్కను కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలకు సంత లెక్క రాలేదు. వయసూ ఉంది, తెలివీ ఉంది. ఈ లెక్కా ఆ లెక్కా ఒకటేనని పక్కన కూర్చుని చూపించే మనిషి లేడు. రంగారెడ్డి శిబిరాల్లో ఆ మనిషి ఉన్నాడు.

ఆ అనుభవం చట్టంలోనూ కనిపిస్తుంది. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం బడికి రాని పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివాళ్లను అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అదే రంగారెడ్డి జిల్లాలోని జల్‌పల్లిలో ఈ సెక్షన్‌కు పెద్ద పని ఉంది. పహాడీ షరీఫ్, షాహీన్‌నగర్ ఇళ్లలో ఎక్కువగా ఉర్దూ, చుట్టూ తెలుగు, పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాల హిందీ, బాలాపూర్ వైపు రోహింగ్యా శరణార్థుల భాష. ఇలాంటి చోట పన్నెండేళ్ల పిల్లవాడు అక్షరం రాకుండా వస్తే, అక్షరం రాలేదని ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టడమూ, వయసు చూసి ఆరులో వేసి వదిలేయడమూ రెండూ తప్పే. ఆ పిల్లవాడి భాష తెలిసిన ఒక టీచరు, ఆ భాషతో పాటు తెలుగు కూడా వచ్చిన ఇద్దరు ముగ్గురు తోటి పిల్లలు, రోజూ కొన్ని గంటల విడి సమయం, ప్రత్యేక శిక్షణ కింద ముందుగా లెక్కలోకి రావాల్సినవి ఇవే. టెట్‌లోని ఆ 30 మార్కుల్లో కొన్నైనా, అటువంటి పిల్లవాడు ముందున్నప్పుడు మొదటి వారం ఏం చేస్తావని అడిగే ప్రశ్నలకు కేటాయించాలి.