రంగం రేవులో తెలుగు కూలీలు

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పూర్తయిన 1852లోనే, రెండో బర్మా యుద్ధం చేసి ఇంగ్లీషువాళ్లు రంగూన్‌తో సహా దిగువ బర్మాను పట్టుకున్నారు. ఆనకట్ట కింద పొలాలు పండాయి గాని భూమిలేని పాలేరుకు ఆ పంటలో దక్కింది కొంచెమే. ఉత్తరాన విశాఖపట్నం, గంజాం జిల్లాలకైతే ఆ నీళ్లూ లేవు. అటు ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరిసాగు మొదలుపెట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. 1930ల నాటికి దిగువ బర్మాలో వరిసాగు 80 లక్షల ఎకరాలు దాటింది. ఆ ధాన్యాన్ని దంచడానికి మిల్లుల్లో, బస్తాలు ఓడకెక్కించడానికి రేవులో మనుషులు కావలసి వచ్చారు.

కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్ల డెక్కు మీద జనం రంగానికి, అంటే రంగూన్‌కు, తరలింది అందుకే. తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. కోరంగి రేవు 1839 ఉప్పెనలో దెబ్బతిని మేట వేసినా, దాని పేరు మాత్రం బర్మాలో కూలీకి అంటుకుని మిగిలింది.

వలసను నడిపించింది మేస్త్రీ. ఓడ కిరాయి అతనే కట్టి, ఇంట్లోవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, కూలీని రంగంలో దింపేవాడు. కంపెనీ కూలి డబ్బు మేస్త్రీకి ఇచ్చేది. అప్పు, వడ్డీ, తన వాటా మినహాయించుకుని మిగిలింది అతను పంచేవాడు. పనివాడి పేరు, ఊరు కంపెనీకి అక్కర్లేదు, ఫలానా మేస్త్రీ ముఠాలో ఇన్ని తలలని తెలిస్తే చాలు. మిల్లుల్లో, రేవులో, రిక్షా కాడి కింద, వీధులూ పాయిఖానాలూ ఊడ్చే పనిలో తెలుగువాళ్లే ఎక్కువ కనిపించేవారు. వాళ్లలో చాలామంది ఇక్కడ అంటరానివాళ్లుగా బతికినవాళ్లు. ఎక్కువమంది పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వెళ్లి, ఇరుకు బస గదుల్లో పడుకుని, మూడు నాలుగేళ్లకు అప్పు తీరితే తిరిగొచ్చేవారు. తీరప్రాంతపు ఇళ్లల్లో రంగం సంపాదన గురించి కథలెన్నో మిగిలాయి, ‘రంగూన్ రౌడీ’ పేరుతో నాటకమూ ఊరూరా ఆడింది. ఈ కథల్లో బస్తా మోసినవాడికి చోటు తక్కువ. నాకు అదే బాధ.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి మించి వాళ్లే. పరాయి పాలనలో ఉన్న బర్మీయుడికి తన రాజధానిలో తానే తక్కువైనట్టు అనిపించడంలో వింత లేదు. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి రైతుల భూములు అప్పుల కింద వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోతున్న రోజులవి. వడ్డీ తిన్నవాడు ఒకడైతే, వీధిలో చేతికి దొరికినవాడు రేవు కూలీ.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయుల్ని తెచ్చి పని చేయించుకున్నాయి. సమ్మె పరిష్కారమయ్యాక పాత ముఠాల్నే మళ్లీ పిలిచాయి. మే 26 ఉదయం పనికొచ్చిన బర్మీయులకు పని లేదన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి, రోజుల తరబడి సాగింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. దీన్ని జాతివైరమని రాసి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇద్దరు పేదల్ని ఒకే పనికి పోటీ పెట్టి, అవసరం తీరగానే ఒకణ్ణి గేటు బయట నిలబెట్టినవాళ్లకు ఆ నెత్తుటిలో భాగముంది.

1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు ప్రాంతం గట్టిగా దెబ్బతింది. కూలీలు వేలకు వేలు ప్రోమ్ రోడ్డు పట్టారు, రేవులో సరుకు దించే దిక్కు లేకపోయింది. అప్పుడు సర్కారుకు వాళ్లు గుర్తొచ్చారు. రక్షణ ఉంటుందని నచ్చజెప్పి కొందరిని వెనక్కి తెచ్చారు. గట్టి ఒళ్లున్న మగవాళ్లను ప్రోమ్ దగ్గర ఐరావతి దాటనివ్వకుండా కొంతకాలం ఆపారు. ఓడ టిక్కెట్టు డబ్బున్నవాడికే దొరికింది. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది.

మిగిలినవాళ్లు నడిచారు. కొందరు టౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ వైపు, ఇంకొందరు మాండలే, కలేవా, టము మీదుగా ఇంఫాల్‌కు. వానాకాలంలో చివరి గుంపులు హుకాంగ్ లోయ బురదలో లేడో వైపు సాగాయి. కలరా, మలేరియా, ఆకలి దారి పొడుగునా ప్రాణాలు తీశాయి. టము దాటాక తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అని వేరు చేశారు. ఆ ఏడు నడిచినవాళ్లు నాలుగైదు లక్షలని, పోయినవాళ్లు పదివేలకు తక్కువ కాదని, ఇంకా ఎన్నో రెట్లు ఉండొచ్చని చరిత్రకారుల అంచనాలు. ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. మేస్త్రీ ఖాతాలో ఒక అంకెగా ఉన్న మనిషికి చావులో ఆ అంకె కూడా దక్కలేదు. అందుకే ఈ కథ విడిగా, పెద్దగా రాయవలసిందని నా నమ్మకం. రైళ్లెక్కి ఇల్లు చేరినవాళ్లకు ఇక్కడా యుద్ధమే ఎదురైంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా జపాను బాంబులు పడ్డాయి.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్లారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, ఆ మే నెలలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. నగలు, నగదు వెంట తీసుకుపోవడానికి కఠినమైన హద్దులు పెట్టడంతో లక్షల మంది దాదాపు వట్టి చేతులతో మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసింది, అక్కడ ఖౌస్వే అనే బర్మా వంటకం ఇప్పటికీ వండుతారు.

వెళ్లనివాళ్లూ ఉన్నారు, రంగూన్‌లో, మౌల్మేన్‌లో. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందే అక్కడ స్థిరపడ్డ జాతులనే పుట్టుకతో పౌరులుగా గుర్తించింది. తెలుగు వలస ఊపందుకున్నది 1823 తర్వాతే గనుక, తాతల కాలం నుంచి అక్కడే ఉన్న కుటుంబాలు కూడా కాగితాల్లో వేరే వర్గం కింద నమోదు కావలసి వస్తోంది.