గొట్టాలలోని నీరు

శ్రీకాకుళం జిల్లాలో పలాస మొదలు ఇచ్ఛాపురం వరకు, సముద్రతీరం వెంబడి కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమన్న మాటే ఉద్దానమైందంటారు. ఇక్కడి ప్రజలు తరతరాలుగా భూగర్భజలాన్నే త్రాగుతూ వచ్చారు. ఇటీవలి దశాబ్దాలలో మూత్రపిండాల వ్యాధి ఈ సీమను పట్టి పీడించింది. దాని మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అయినా నీటిపై అనుమానం పోలేదు. అందుచేత హిరమండలం జలాశయంలోని వంశధార నీటిని శుద్ధిచేసి 807 గ్రామాలకు అందించే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయల వ్యయంతో చేపట్టి, 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

నీటిని ఒకచోట శుద్ధిచేసి పంపితే పని ముగిసినట్లేనా? చరిత్ర కాదంటున్నది.

జర్మనీలోని హాంబుర్గ్ నగరం ఎల్బె నది నీటిని వడపోయకుండానే గొట్టాలలోకి పంపేది. 1880ల దశకంలో కార్ల్ క్రేపెలిన్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఆ గొట్టాలలో నత్తలు, పురుగులు, స్పంజికలు కాపురముంటున్నట్లు కనుగొన్నాడు. నీటితో కొట్టుకువచ్చే రేణువులే వాటికి ఆహారం. 1892లో కలరా సోకి ఆ నగరంలో ఎనిమిది వేలమందికి పైగా మరణించారు. ప్రక్కనున్న ఆల్టొనా పట్టణం అదే నది నీటిని ఇసుకలో వడపోసి వాడినందువల్ల చాలవరకు తప్పించుకొన్నది. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్‌లో టైఫాయిడ్ చెలరేగినప్పుడు, సిమ్స్ వుడ్‌హెడ్ బ్లీచింగ్ పొడి కలిపిన ద్రవాన్ని నీటి గొట్టాలలోకే పంపి వాటిని శుద్ధిచేయించాడు.

గొట్టాలకు ఇంత శ్రద్ధ ఎందుకు? వడపోతను తప్పించుకొన్న సన్నని మట్టి, ఇనుప గొట్టాల త్రుప్పు, నీటివేగం తగ్గినచోట అడుగున పేరుకొంటాయి. గొట్టం గోడలపై సూక్ష్మజీవులు జిగురుపొరగా అల్లుకొంటాయి. వీటిలో అధికభాగం హాని చేయనివే. కాని రేణువుల చాటున, పొర మాటున దాగిన క్రిములకు క్లోరిన్ సులభంగా తగలదు. నీరు ఆపి మళ్ళీ వదిలినప్పుడు ఆ మడ్డి కదిలి, కొళాయిలో నీరు రంగు మారి వస్తుంది. సరఫరా ఆగిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోతే, పగుళ్ళగుండా బయటి మురుగు లోనికి చొరబడుతుంది.

దూరం పెరిగినకొద్దీ క్లోరిన్ కూడా తరిగిపోతుంది. భారత ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దానిని శుద్ధికేంద్రం వద్ద కాక, తీరాన చిట్టచివరి పల్లెలోని కొళాయి వద్ద పరీక్షించాలి. గొట్టాల చివరలను అప్పుడప్పుడు వేగంగా నీరు వదలి కడగాలి; పగుళ్ళను వెంటనే పూడ్చాలి. ఈ జాగ్రత్తలు మూత్రపిండాల వ్యాధి చిక్కును విప్పవు. అయితే ఎంతో ఆశతో కొళాయి క్రింద బిందె పెట్టిన ఇల్లాలికి మరొక రోగభయం లేకుండా చేస్తాయి.