మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్తి అంగీకారమే: స్క్రిప్టు డబ్బుకు చట్టం పెట్టిన గడువు

‘స్క్రిప్టు చూస్తున్నాం, వచ్చే వారం చెబుతాం.’ దిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో డాక్యుమెంటరీలకు, ప్రభుత్వ శాఖల ప్రచార చిత్రాలకు, వెబ్ సిరీస్‌లకు రాసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఆ వారం నెలలవుతుంది. బాగుందని చెప్పరు, బాగాలేదనీ చెప్పరు. ఆమోదం రాలేదు కాబట్టి డబ్బూ రాదు.

ముంబయిలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌కు సభ్యుల వివాదాలు చూసే కమిటీ ఉంది. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది. ఈ రెండు నగరాలకూ దూరంగా ఉండి పనిచేసే రచయితకు అక్కరకొచ్చేది ప్రధానంగా చట్టమే. అలాంటి చట్టం 2006 నుంచే ఉంది. అయితే అది చిన్న పరిశ్రమల కోసం చేసిన చట్టం కావడంతో రచయితల దృష్టి అటు పోదు.

45 రోజుల లెక్క

సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్ఎంఈడీ చట్టం) వస్తువులకే కాదు, సేవలకూ వర్తిస్తుంది. ఇందులోని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో రాసుకున్న తేదీలోగా డబ్బు చెల్లించాలి. ఆ తేదీ కూడా అంగీకారం రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఒప్పందంలో 90 రోజులని రాసుకున్నా ఆ గడువు చెల్లదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు.

మరి అంగీకారం ఎప్పటి నుంచి? రచయితకు కీలకం ఇదే. పని అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్లు చట్టం భావిస్తుంది. ఉదాహరణకు మార్చి 1న డ్రాఫ్టు మెయిల్‌లో పంపారు. మార్చి 16 వరకు మార్పులు కోరుతూ ఏ జవాబూ రాలేదు. అప్పుడు అంగీకారం మార్చి 1నే జరిగినట్లు లెక్క. ఒప్పందం ఉన్నా ఏప్రిల్ 15లోగా డబ్బు రావాలి.

గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా, చెల్లించాలి. పైగా 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన నిబంధన వల్ల, గడువులోగా చెల్లించని బకాయిని కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేదు. ఎప్పుడు చెల్లిస్తే ఆ ఏడాదిలోనే చూపుకోవాలి. కంపెనీల అకౌంట్స్ విభాగాలు మార్చి నెలలో చిన్న సంస్థల బిల్లులను ప్రత్యేకంగా చూడటానికి ఒక కారణం ఇదే.

ముందు ఉద్యమ్ నమోదు

ఈ రక్షణ కోసం రచయిత ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావాలి. ఒక్కరే పనిచేస్తున్నా సొంత వ్యాపారంగా నమోదు చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉండాలి. రుసుము లేదు.

ఒప్పందం కుదరక ముందే నమోదు చేసుకోవడం క్షేమం. తర్వాత చేసుకున్న నమోదు వెనకటి పనికి వర్తించదని 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు పోదని కూడా అదే తీర్పులో స్పష్టం చేసింది.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

దిల్లీ ఎన్‌సీఆర్‌లో ఇదో చిక్కు. నోయిడా ఉత్తరప్రదేశ్‌లో, గురుగ్రామ్ హరియాణాలో ఉన్నాయి. కంపెనీ ఆఫీసు ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉండవచ్చు. చట్టం రచయిత వైపు నిలిచింది. సేవ అందించినవారు ఉన్న ప్రాంతంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలే కేసు చూస్తుంది, కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరే. నోయిడాలో నమోదైన రచయిత ఉత్తరప్రదేశ్ కౌన్సిల్‌కే వెళ్తారు.

కౌన్సిల్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే ఆర్బిట్రేషన్. చట్టంలో గడువు 90 రోజులే అయినా ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. అయితే తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కంపెనీ ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. నమోదు లేనివారికి సివిల్ కోర్టు దారి ఉంది. బకాయి పడిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి.

హక్కే అసలు పట్టు

తర్వాతి పని పోతుందన్న భయంతో చాలామంది ఫిర్యాదు దాకా వెళ్లరు. అందుకే ఒప్పందం దగ్గరే జాగ్రత్తపడాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సంతకం చేసిన రాతపత్రం లేనిదే హక్కు బదిలీ కాదు. సత్యజిత్ రే ‘నాయక్’ చిత్రం వివాదంలో 2023 మేలో దిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి, స్క్రీన్‌ప్లేపై తొలి హక్కుదారు దాన్ని రాసిన రేనే తప్ప నిర్మాత కాదని తేల్చారు. అంటే సంతకం పెట్టేదాకా ఇచ్చేది రచయితే, అడిగేది నిర్మాత.

ఆ సంతకానికి ముందు ఒప్పందంలో ఈ అంశాలు చూసుకోవాలి:

• పూర్తి పారితోషికం అందిన రోజునే హక్కులు బదిలీ అవుతాయన్న షరతు.
• వాయిదాలు డ్రాఫ్టు అందజేతతో ముడిపడాలి. ‘చానెల్ ఆమోదం’, ‘షూటింగ్ ప్రారంభం’ వంటివి రచయిత చేతిలో ఉండవు.
• మార్పులు 15 రోజుల్లోగా, రాతపూర్వకంగా చెప్పాలి. ఎన్ని డ్రాఫ్టులో అంకెలో రాయాలి.
• ప్రాజెక్టు మధ్యలో ఆగితే అప్పటిదాకా చేసిన పనికి ఎంతో తేల్చాలి.

అమెరికాలో రైటర్స్ గిల్డ్ 148 రోజుల సమ్మె తర్వాత 2023లో కుదిరిన ఒప్పందంలో, తక్కువ పారితోషికానికి సినిమా స్క్రీన్‌ప్లే రాసేవారికి సగం డబ్బు పని మొదలుపెట్టగానే ఇవ్వాలని రాయించుకుంది. ఇక్కడ అలాంటి ఉమ్మడి ఒప్పందం లేదు కాబట్టి ఎవరి కాగితం వారే చూసుకోవాలి.

డ్రాఫ్టును ఫోన్‌లో వినిపించి ఊరుకోకుండా తేదీతో మెయిల్ చేయడం, ఇన్‌వాయిస్‌పై ఉద్యమ్ నంబరు వేయడం, పదహారో రోజున ‘అభ్యంతరాలు అందలేదు, గడువు ఫలానా తేదీ’ అని రెండు వాక్యాలు రాయడం. అవతలివారి మౌనాన్ని అంగీకారంగా నిరూపించేవి ఈ కాగితాలే.